దేవఖాతము - మానవఖాతము : బర్రా యేటిగట్టు నివాసములు

ఐరోపాఖండమునుండి యాస్ట్రేలియాకు వలసపోయినవారు తొలిదినములలోఁ బలుచోట్ల నేటిగట్టులను, మెట్టచఱియలను ద్రవ్వుకొని, యా త్రవ్విన తావులలోనే కాఁపురముండిరి. అమెరికాలో 1862వ సంవత్సరపు హోంస్టెడ్ శాసనమువలన భూములు వడసి కాన్సాస్, నెబ్రాస్కా మైదానములకుఁ బోయిన కాఁపులును గలప దొరకనిచోట్ల నిట్లే చేసిరి. ఇట్టి నివాసమునకు నాంగ్లమున ‘డగౌట్’ అని పేరు. త్రవ్వఁబడినది యని దాని యవయవార్థము. తెలుఁగు వ్రాఁతలలో దీనిని ‘గుహ’ యని యనువదించుట వాడుకయైనది. ఈ యనువాదము తగినదా? తగనిచో నేది తగినది? పద మొక్కటి మాఱినంతమాత్రమునఁ బదార్థజ్ఞానమునకుఁ గలుగు లాభ మేమి? ఈ మూఁడు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే యీ వ్యాసమున కుద్దేశము.

నిదర్శనముగా దక్షిణాస్ట్రేలియా రాష్ట్రమునందలి ‘బర్రా’ యను రాగిగనుల యూరిని గైకొనుచున్నాను. ఆ యూరి యేటిగట్టులలోఁ బందొమ్మిదవ శతాబ్దము నడుమ నొకానొకరు గాక వందలకొలఁది కుటుంబములవారు త్రవ్వుకొని నివసించిరి. వారి సంఖ్య జనపరిగణనమునఁ జేరినది. వారట్లు నివసించుటకుఁ గారణములు తెలిసినవి. ఆ నివాసముల యంతమును దెలిసినది. కావున శబ్దార్థముల పొత్తును బరీక్షించుటకు నిది మంచి యొఱగల్లు.

గుహాశబ్దవిచారము

‘గుహ’ యను శబ్దము సంవరణార్థకమగు ధాతువునుండి పుట్టినది. సంవరణ మనఁగాఁ గప్పుట, దాఁచుట. భిదాదిగణమునఁ జేరి, అఙ్ప్రత్యయమును గొని, స్త్రీలింగమున సిద్ధమైన రూపమిది. గిరి, ఓషధి యను నర్థములందే యీ రూపము సాధువని గణపాఠమున నియమము గలదు. తక్కినచోట్ల దాఁచుట యను భావమునకు ‘గూఢి’ యనియే రూపము. కాఁబట్టి గుహాశబ్దమున దాఁచుట యను నర్థము గలదు గాని, త్రవ్వుట యను నర్థము లేశమును లేదు.

నిఘంటుకారులలో నమరసింహుఁ డింకను స్పష్టముగాఁ జెప్పినాఁడు. అతఁడు శైలవర్గమున గుహాశబ్దమును ‘దేవఖాతబిల’ శబ్దముతోఁ జేర్చి పఠించెను. దేవఖాత మనఁగా దేవునిచేఁ ద్రవ్వఁబడినది. మనుష్యప్రయత్నము లేక తనంతఁ దా నేర్పడినది యని తాత్పర్యము. ఈ తాత్పర్యము మన మూహించి చెప్పునది కాదు. ఆ గ్రంథకర్తయే వారివర్గమున జనులు త్రవ్విన కొలనికి ఖాత మనియు, స్వయముగా నేర్పడిన కొలనికి అఖాతము, దేవఖాతకము ననియుఁ బేళ్లు వేఱుపఱిచెను. దేవఖాతము, అఖాతము ననునవి పర్యాయములైనపుడు, దేవఖాతమగు గుహయు నఖాతమే యగును గదా! మానవులు గడ్డపాఱతోఁ ద్రవ్వుకొన్న యింటిని గుహ యనుట, త్రవ్వినదానిని ద్రవ్వనిది యనుటయే.

మన దేశమునందే యీ భేదమునకుఁ జక్కని యుదాహరణములు గలవు. నంద్యాల మండలమునందలి బేలం గుహలు, విశాఖపట్టణమునకుఁ బైనున్న యనంతగిరి కొండలయందలి బొఱ్ఱా గుహలు నీటిచే సున్నపురాయి కరఁగి యేర్పడినవి. ఇవి నిక్కముగా దేవఖాతములు. వీనిని గుహ లనుట సర్వవిధముల యుక్తము. గుంటుపల్లి, ఉండవల్లి, మొగల్రాజపురములందలివి యట్లు గావు. అవి యులులచేతను, సుత్తెలచేతను, మనుష్యుల భుజబలముచేతను గలిగినవి. ఇన్నిటికి నొక్క పేరే పెట్టుట చిరపరిచయమువలన మనకుఁ దోఁపని దోషము.

మఱి యే శబ్దము గ్రాహ్యము? అమరమున గుహకు ముందు దరీ, కందర శబ్దములు గలవు. ఇంటివలెఁ జేయఁబడిన గిరివివరమునకే యీ రెండు పేళ్ళనియుఁ, దరువాతివి స్వయంసిద్ధమగు వివరమునకనియు వ్యాఖ్యాతలలోఁ గొందఱు విభాగించిరి. విదారణార్థకమగు ధాతువునుండి పుట్టుటచే దరీశబ్దమునఁ జీల్చుట యను నర్థమును గలదు. కాని దీనిని గ్రహించుట కడ్డంకులు రెండు. ఇది గిరివిషయమున రూఢమైనది. బర్రానివాసములు గిరియందుఁ గాక మట్టిగట్టునందున్నవి. తెలుఁగున దీర్ఘము హ్రస్వమై ‘దరి’ యగునపుడు, ఒడ్డు అను నర్థముగల యాచ్ఛికమగు ‘దరి’ శబ్దముతో నిది కలిసిపోవును. ఏటిదరిలోని దరి యని వ్రాసినచో రెండు పదములును వేఱని పాఠకునకుఁ దెలియుటెట్లు?

లయనశబ్ద మొకటి కలదు. శ్లేషణార్థకమగు ధాతువునకు నధికరణార్థమున ల్యుట్టు వచ్చి యిది సిద్ధించినది. ఎందు నిలిచియుందురో యది లయనము. దీని ప్రాకృతరూపమగు ‘లేణ’ పశ్చిమపుఁ గనుమల శాసనములయందును, నుత్కలదేశమునందలి యుదయగిరి ఖండగిరుల శాసనములయందును గానవచ్చును. మహారాష్ట్రులు నేఁటికిని ‘లేణీ’ యనుచున్నారు. ఐనను శ్రమణుల యావాసముల యందు రూఢమైన యీ పదమును బిల్లలు గలిగిన సంసారులయింటికిఁ బెట్టుట పొసఁగదు.

ఆచ్ఛికములలో గవి, బొఱియ, పాతర మొదలగునవి కలవు. గవి గుహవంటిదే. బొఱియ యెలుకలకుఁ జెల్లును గాని మనుష్యులకుఁ జెప్పినచో నిందార్థ మగును. పాతర జనులు త్రవ్వినదే యైనను ధాన్యమునకు వాసము. నేలమాళిగ యనునది పైనొక యిల్లు గలిగిన తరువాతిమాట. ఇట్లు విచారింపఁగా ‘ఖాతగృహము’ అనుటయే నిర్దుష్టమని తోఁచుచున్నది. అవదారణార్థకమగు ఖన ధాతువునకు క్తప్రత్యయము వచ్చి, నకారమున కాకారమై ఖాతశబ్ద మేర్పడినది. ఖాతమగు గృహము ఖాతగృహము. త్రవ్వుటయు, నిల్లగుటయు రెండును బదముననే తెలియును. వాడుకమాట కావలసినవారు ‘త్రవ్వుడిల్లు’ అనవచ్చును.

బర్రా రాగిగని

దక్షిణాస్ట్రేలియా ప్రాంతము 1836లో నాంగ్లేయుల వలసరాజ్య మయ్యెను. అడిలైడు పట్టణమునకు నుత్తరముగా సుమారు 160 కిలోమీటర్ల దూరమున బర్రా యున్నది. అది యంతకుముందు నిర్జనభూమి కాదు. నజూరీ యను నాదిమజాతివారి నివాసభూమి. 1845లో గొఱ్ఱెలకాపరుల కచ్చట రాగిధాతువు కానఁబడినది. ఆ భూమిని గొనుటకు నాఁటి శాసనము ప్రకార మొక్కమాఱుగా 20,000 ఎకరములకు 20,000 పౌనులు ప్రభుత్వమునకుఁ జెల్లింపవలసియుండెను. ధనికులగు భూస్వాముల పక్ష మొకటి, యంగళ్ళవర్తకుల పక్ష మొకటి పోటీపడినవి. ఒక్కొక్కపక్షమునకును మొత్తమును గూర్చుకొను శక్తి లేకపోఁగా రెండును గలిసి కొని, పిదప భూమిని నడుమఁ జీల్చి చీట్లు వేసికొనిరి. ఉత్తరభాగము వర్తకులకు వచ్చెను. రాగి యంతయు నా భాగముననే యుండెను. ధనికులభాగమునఁ ద్రవ్విన గని కొలఁదికాలములోనే పాడువడెను.

వర్తకుల సంఘమునకు ‘దక్షిణాస్ట్రేలియా గనులసంఘ’ మని పేరు. వాటా యొక్కటి 5 పౌనులు. 1845 సెప్టెంబరులోఁ బ్రారంభమైన గని 1877లో మూఁతపడువఱకు సుమారు 50,000 టన్నుల రాగి నొసఁగెను. తొలుత ధాతువు నెద్దుబండ్లమీఁద రేవునకుఁ జేర్చి, యోడలపై బ్రిటనులోని స్వాన్సీకిఁ గరఁగించుటకుఁ బంపుచుండిరి. 1849 మొదలు బర్రాయందే కొలుములు వెలసినవి. ఇంగ్లాండు నైరృతిమూలనున్న కార్న్‌వాల్ దేశపు గనిపనివాండ్రు, వేల్సుదేశపు కొలిమివాండ్రు, స్కాట్లండువారు గుంపులుగా వచ్చిరి. కూరింగా యనునది సంఘము కట్టించిన యూరు. రెడ్రూత్, అబర్డీన్ మొదలగునవి చుట్టును వెలసిన పల్లెలు. అన్నియుఁ గలిసి నేఁడు బర్రా యగుచున్నవి. 1851 నాఁటికి సముద్రతీరమున లేని యాస్ట్రేలియా యూళ్ళలో నిదియే పెద్దది.

ఖాతగృహముల స్వరూపము

జనులు వచ్చినంత వేగముగా నిండ్లు లేవలేదు. ఊరినడుమఁ బాఱు వాగు వర్షకాలమునఁ దప్పఁ దక్కినదినములలో సన్నని ధార. దాని గట్టులు నిట్టనిలువుగా నుండి, మెత్తని యొండుమట్టితోఁ గూడినవి. గనిలోఁ బగలంతయు ఱాతిని బగులఁగొట్టువానికి నీ మట్టి యొక లెక్క కాదు. గట్టు ముఖమునుండి లోనికిఁ ద్రవ్వి, యొకటి రెండు గదులను, గొన్నిచోట్ల మఱికొన్నిటిని జేసికొనిరి. ముంగిట మ్రానితో ద్వారమును గవాక్షమును నమర్చిరి. లోపలిగోడలకు సున్నము పూసిరి. వంటపొయ్యి పొగ వెడలుటకు లోపలినుండి పైనేలవఱకు నిలువుగా రంధ్రము త్రవ్వి, దాని నోటికడఁ బీపాయివంటిదానిని బొగగూఁడుగా నిలిపిరి. గట్టుమీఁద నడచువానికి నేలనుండియే పొగలు లేచుచున్నట్లు కానవచ్చుచుండెను.

ఇట్టివి వాగున కిరుప్రక్కల మైళ్ళకొలఁది వ్యాపించెను. ఆ వరుసకంతకు ‘క్రీక్ స్ట్రీటు’, అనఁగా వాగువీథి యని పేరు వచ్చినది. వీథి యను నీ పేరు గమనింపఁదగినది. ఆ నివాసులు తమ్ము గుహావాసులనుగాఁ దలంపలేదు; వీథిలో నిండ్లుగల గృహస్థులనుగానే తలంచుకొనిరి. 1851 జనపరిగణనమునఁ దేలిన బర్రా జనసంఖ్య సుమారు 4,400. వారిలో నీ ఖాతగృహములందున్నవారు సుమారు 1,800. ప్రతి యైదుగురిలో నిద్దఱనుట.

ఖాతగృహవాసమునకుఁ గారణములు

దారిద్ర్య మొక్కటియే కారణమని తలఁచుట పొరపాటు. కార్న్‌వాల్ గనులయందలి పద్ధతినే బర్రాలోను బాటించిరి. ఆ పద్ధతిలోఁ గొందఱు త్రవ్విన కొలఁదికిఁ గూలి తీసికొనువారు. కొందఱు వెడలించిన ధాతువు వెలలో నింతపాలని యొప్పుకొని పనిచేయువారు. రెండవది మన యూళ్ళలోఁ బాలుకిచ్చు సేద్యమువంటిది. గనిలో నొక్కొక్క భాగమునకు నియతదినమున బహిరంగముగాఁ బాట జరుగును. తక్కువపాలున కొప్పుకొన్న ముఠాకు నా భాగము లభించును. ధాతువు మంచిదైనచో నా ముఠాకు విశేషలాభము, కానిచో నష్టము. ధాతువునందు రాగి యెంతయున్నదో పరీక్షించి చెప్పువాఁడు సంఘమువాఁడే. ఆ పరీక్షను నమ్మక 1848లోఁ బనివాండ్రు సమ్మె కట్టిరి. ఆదాయ మిట్లు నిలుకడలేనిదైనపుడు, నెలనెల తప్పని యద్దె నెత్తి కెత్తుకొనుట వారికి రుచింపలేదు.

కూరింగాలోని నేల యంతయు సంఘముదే. కొనుటకు లేదు, కౌలునకు మాత్రమే దొరకును. ఇల్లు గట్టుకొన్నను గడువు తీఱినపిదప నది తనది కాదు. వాగుగట్టునందు మాత్ర మద్దె లేదు. ఆ ప్రాంతమున నింటికిఁ గావలసిన పెద్దమ్రాను కొఱత. మట్టిలోపలి గది వేసవి వడగాడ్పునకుఁ జల్లగను, చలికాలమున వెచ్చగను నుండును. గనిపనివానికిఁ ద్రవ్వుట తెలిసినవిద్య. ఇన్ని కారణములు గూడుటచే వాగువీథి పెరిగెను. ఇందు బుద్ధిపూర్వకమగు నిర్ణయము గలదు. ఏదో యొక బిలము దొరకఁగా దానిలో దూఱినవారు కారు. గుహాశబ్దము తొలుతఁ గప్పిపుచ్చునది యీ నిర్ణయమునే.

1851వ సంవత్సరము

ఐన నీ వాసమున సుఖముతోడనే కీడును బెనవైచుకొనియుండెను. వేలజనుల మలినము వాగులోనికే పోవుచుండెను. గదులలో గాలి యాడదు. జ్వరములు ప్రబలి పసిబిడ్డలు పెక్కుమంది మృతినొందిరి. 1851లో వానలు మిక్కుటమై వాగు పలుమాఱు పొంగెను. ఏగట్టు మ్రానును నద్దెయు లేక నీడ నిచ్చెనో యా గట్టులోనికే నీరు సొచ్చి, ద్వారములను దొలఁగించి, గదులను నింపి, మట్టిని గరఁగించెను. వందలకొలఁది జనులు నిలువనీడ లేనివారైరి.

సంఘమువారు పనివాండ్రను వాగునుండి వెడలించుట కుద్దేశించి 1849-52 నడుమఁ బాక్స్‌టన్ చౌకమను పేర 33 చిన్నయిండ్లు కట్టించిరి. 1,800 జనులకు 33 యిండ్లనుట యేపాటియో పాఠకులే యెఱుఁగుదురు. ఆ 1851లోనే పొరుగున విక్టోరియాలో బంగారము కానవచ్చెను. వఱదచే నిల్లు పోయినవానికి బంగారముమీఁద నాస గలుగుట వింత కాదు. పనివాండ్రలోఁ బెక్కుమంది యక్కడికిఁ దరలిపోయిరి. గని కొంతకాలము దాదాపుగా నిలిచిపోయెను. పిదపఁ దిరిగి వచ్చినవారు మునుపటివలె వాగువీథిని నింపలేదు. ఆ నివాసము క్రమముగా నంతరించెను.

‘బర్రా’ యను పేరు

తొలినాళ్ళలో వాగునకును గనికిని ‘బర్రా బర్రా’ యని రెండుమాఱులు పలుకు పేరుండెను. ఈ పేరు మనకు విశేషముగా విచార్యము. ఏలయన దీనికి హిందూస్థానీ వ్యుత్పత్తి యొకటి చెప్పఁబడుచున్నది. స్టైన్ అను మందలయజమానియొద్దఁ బనిచేసిన భారతీయులగు కాపరులు ఆ వాగును ‘బడా బడా’ యనిరనియుఁ, బెద్ద పెద్ద యని దాని యర్థమనియు నా వాదము. హిందీలోని ‘బడా’ యందలి ద్వితీయాక్షరము డకారరేఫముల నడుమ ధ్వని. దానినే భారతమునందలి యాంగ్లేయులు ఱకారద్విత్వముగా వ్రాయుచుండిరి. ఇరువాఁతల యక్షరము లొక్కటే యగుటచే నీ వాదమునకు బలము కలిగినది. పేరాదిమజాతివారి భాషలోనిదే యని రెండవ వాదము.

ఇచ్చట వ్యాకరణము కొంత సాయపడును. ద్విరుక్తి సంస్కృతమున నిత్యార్థమునను వీప్సార్థమునను విధింపఁబడినది. వీప్స యనఁగా ననేకపదార్థములను వేఱువేఱుగా వ్యాపించుట. హిందీలోను ‘బడే బడే’ యన్నపుడు సామాన్యముగాఁ బెక్కు పెద్దవస్తువులు దోఁచును. తెలుఁగున ‘పెద్ద పెద్ద చెట్లు’ అన్నట్లే. ఒక్కవాగునకు, నందును సన్నని వాగునకు, నట్టి ద్విరుక్తి కుదురుట కష్టము. ఆస్ట్రేలియా యాదిమభాషలలో మాత్రము స్థలనామముల ద్విరుక్తి సర్వసాధారణము; ‘వాగా వాగా’ యను పట్టణనామ మెల్ల రెఱిఁగినదే. కాఁబట్టి ద్విరుక్తి సాక్ష్యము రెండవవాదమువైపే మొగ్గును. అక్షరసామ్య మొక్కటియే మొదటివాదమున కాధారము. అక్షరసామ్య మెంత మోసపుచ్చునో రెండుదాహరణములు చాలును.

తెలుఁగుపాఠకునకు బర్రా యనఁగనే యనంతగిరి కొండల ‘బొఱ్ఱా’ స్ఫురించును. బొఱ్ఱ యనఁగా నొడ్రభాషలో రంధ్రము. బర్రాలో రంధ్రములు త్రవ్వుకొని జనులు నివసించిరి. ఇంతకంటె నందమైన పొత్తు గలదా? కాని వాగువీథి పుట్టకముందే వాగున కా పేరున్నది. ఒడ్రులచ్చటఁ బేరు పెట్టినవారును గారు. పొత్తు మనస్సునకుఁ దోఁచినదే కాని వస్తువునందు లేదు.

రెండవది ‘కూపర్ పీడీ’. ఇదియు దక్షిణాస్ట్రేలియాలోనిదే. 1915లో నచ్చట ఓపల్ అను రత్నము కానవచ్చినది. ఎండ దుర్భరమగుటచే గనివాండ్రు భూమిలోఁ ద్రవ్విన యిండ్లలోనే నేఁటికిని బలువురు వసించుచున్నారు. ‘కూప’ శబ్దము వినఁగనే సంస్కృతజ్ఞుఁడు గొయ్యి, బావి యని యర్థము చెప్పుకొనును. స్థలమునకు నది చక్కఁగ నొప్పును గూడ. కాని యీ పేరు కోకథా జాతివారి ‘కుప పితి’ నుండి వచ్చిన దందురు; తెల్లవాని రంధ్ర మని సామాన్యముగాఁ జెప్పు నర్థము. అందు రంధ్రవాచకము ‘పితి’ గాని ‘కుప’ గాదు! మన సంస్కృతకూపము రంధ్రము లేనిచోట రంధ్రమును జూపినది. శబ్దసామ్యమును నమ్మి వ్యుత్పత్తి చెప్పువారికి నింతకన్న హెచ్చరిక యక్కఱలేదు.

ఖానకుఁడును దాతయు

మగధదేశమున బరాబరు కొండలయందు నశోకచక్రవర్తి తన పండ్రెండవ, పందొమ్మిదవ పాలనవర్షములలోఁ ద్రవ్వించి యొసఁగిన నివాసములు గలవు. ప్రక్కనున్న నాగార్జునికొండలలో నతని మనుమఁడగు దశరథుఁడు మూఁడింటి నాజీవకులకు వర్షావాసమునకై యిచ్చెను. ఆ శాసనములలో వీనికిఁ బేరు ‘కుభ’. రాజు పేరున్నది, పాలనవర్ష మున్నది, ప్రతిగ్రహీత పేరున్నది. అద్దమువలె మెఱయునట్లు కఠినశిలను నునుపుచేసిన శిల్పి పేరు లేదు. గుంటుపల్లి చైత్యమున ఱాతికప్పునందు మ్రానివాసముల నచ్చముగా దించిన వడ్రంగమెఱిఁగిన చేతులవారి పేళ్ళును లేవు. అచ్చట త్రవ్వినవాఁడు వేఱు, ఇచ్చినవాఁడు వేఱు, వసించినవాఁడు వేఱు.

బర్రాలోఁ ద్రవ్వినవాఁడును వసించినవాఁడును నొక్కఁడే; ఇచ్చినవాఁడు లేఁడు. అందుచేతనే శాసనమును లేదు. దానము గలచోట శాసనము పుట్టును గాని, తనకుఁ దాను నీడ చేసికొన్నచోట నెవరు చెక్కింతురు? ఈ సంఘమునకుఁ జిరకాలము కార్యదర్శియైన హెన్రీ ఎయర్సు పిమ్మట దక్షిణాస్ట్రేలియాకుఁ బ్రధానమంత్రి యయ్యెను. 1873లో గాస్ అను నన్వేషకుఁడు ఖండమధ్యమందలి మహాశిలను జూచి దాని కతని పేరు పెట్టెను. ఆ శిలకు నాదిమవాసులు యుగయుగములుగాఁ బిలుచు పేరు ‘ఉలూరు’. 1993లో నా పేరును రాజపత్రముల కెక్కినది. ఎయర్సు త్రవ్వని శిల కతని పేరు వచ్చినది. 1,800 మంది త్రవ్విన గట్టున కెవ్వరి పేరును రాలేదు. వారికి మిగిలిన స్మారకము త్రవ్వుడు ఒక్కటే. దానిని గుహ యని, అనఁగా నఖాతమని, వ్యవహరించినచో నా స్మారకమును సహితము మనము తుడిచినవార మగుదుము.

దర్శనము, రక్షణము

1971-81 నడుమ నీ గనియందు మరల బహిరంగముగాఁ ద్రవ్వి రాగి తీసిరి. నేఁడది నీరు నిండిన పెద్దగొయ్యి. 2017లో బర్రాను ఆస్ట్రేలియా జాతీయవారసత్వపట్టికలోఁ జేర్చిరి. వాగువీథిలోఁ గొలఁది ఖాతగృహములు మాత్రమే బ్లైత్ వీథియొద్ద మిగిలియున్నవి. దర్శింపఁగోరువారికి రుసుముపై నొక తాళపుచెవి నిత్తురు. ఆ చెవితో నూరిలోని పెక్కు ప్రాచీనస్థలముల తలుపులు దామే తెఱచుకొని చూడవచ్చును. కావలివాఁడుగాని, వర్ణించి చెప్పువాఁడుగాని వెంట రాఁడు. చూచువాఁడు గమనింపవలసినవి మూఁడు: వాగునకును గడపకును గల యెత్తు, పొగగొట్టము పైనేలకు వెడలు తీరు, గదివైశాల్యమునకును గుటుంబసంఖ్యకును గల నిష్పత్తి. మొదటిది వఱదను, రెండవది సంసారమును, మూఁడవది జ్వరమును బోధించును.

ప్రాచీనస్థలరక్షణమున నీ యూరి పేరు వేఱొకవిధమునఁ బ్రసిద్ధము. 1979లో నిచ్చటనే స్మారకరక్షకుల సమితి యొకటి కూడి, ‘బర్రా చార్టర్’ అను నియమావళి నంగీకరించెను. అవసరమైనంత చేయవలెను, చేయుట మాత్రము సాధ్యమైనంత తక్కువగా నుండవలెను అనునది దాని సారము. ప్రమాణము చాలనిచోట నూహించి పునర్నిర్మింపరాదు. క్రొత్తగాఁ జేర్చినది క్రొత్తదని పరిశీలించువానికిఁ దెలియునట్లుండవలెను.

ఈ నియమములు మనకుఁ గ్రొత్తవి కావు. తాళపత్రప్రతులను బరిష్కరించువాఁడు గ్రంథపాతమున్నచోఁ జుక్కలు పెట్టి విడుచును; తన కవిత్వముతోఁ బూరింపఁడు. పూరించినచో దానిఁ గుండలించి చూపును. ప్రతిలోని యపపాఠమును సహితము చెఱుపక యడుగునఁ జూపును. మట్టిగోడయు నొక తాళపత్రమే. దాని నందగించుటకై సిమెంటు పూసినవాఁడు పాఠమును దిద్దినవాఁడు కాఁడు, పోఁగొట్టినవాఁడు. మన మండలములయందు నింకను నామమైనఁ బడని తొలిచిన తావులు గలవు. పశులకాపరులకును మంత్రసానులకును వాని స్థానికనామములు తెలియును. సున్నములు పూయకముందు, గుహ యని పలక నాటకముందు, ఆ పేళ్ళను సేకరించుట పల్లెబడుల పండితులకు సాధ్యమగు పరిశోధనము.

ఉపసంహారము

పై విచారమువలనఁ దేలినది యిది. స్వయంసిద్ధమగు బిలమునకు గుహాశబ్దమును, శ్రమణావాసములకు లయనశబ్దమును, గృహస్థులు తమకై త్రవ్వుకొన్నదానికి ఖాతగృహశబ్దమును వాడుట యుక్తము. గుంటుపల్లి మొదలగువాని విషయమున రూఢి బలీయముగావున గుహ యని వ్యవహరించినను, బోధించునపు డవి మానవఖాతము లని విద్యార్థులకుఁ జెప్పుట యావశ్యకము. విద్యార్థి గుహ యని విని కొండకు నమస్కరించును. ఖాతగృహ మని వినినచోఁ ద్రవ్విన చేతులను దలఁచును. శబ్దశుద్ధివలనఁ గలుగు ఫల మింతకన్న నధికము కోరనక్కఱలేదు. ఇందు గుణదోషములను విజ్ఞులు విచారింతురుగాక.